పెడచెవి కాదు, చిల్లుపడిన చెవి

కొన్నేళ్ళ క్రిందట ఉత్తర చెన్నైలోని ఒక పాఠశాలలో ఆరవ తరగతికి ఉక్తలేఖనం చెప్పేవాడిని. మూడవ వరుసలో కూర్చునే ఒక బాలుడు ప్రతిసారీ ఒకే తీరు తప్పులు చేసేవాడు. పదం మొదలు సరిగానే ఉండేది, చివరనుండే ని, ను, కి, లో మాయమయ్యేవి. "చెట్టుకి నీళ్ళు పోశాడు" అని చెప్పితే "చెట్టు నీళ్ళు పోశాడు" అని వ్రాసేవాడు. కొన్ని రోజులు బాగానే వ్రాసేవాడు. మరికొన్ని రోజులు పేరు పెట్టి పిలిచినా పలికేవాడు కాదు. వాడికి శ్రద్ధ లేదని నేను తీర్మానించుకొన్నాను. ఇంట్లో తెలుగు గనుక తమిళం అబ్బడం లేదని తమిళ పంతులమ్మగారు తేల్చారు. గణితం చెప్పే మాస్టారు ఇంకొక అడుగు ముందుకు వేసి, నిన్న విన్నవాడికి ఈ రోజు ఎందుకు వినబడదు, ఇదంతా నటన అన్నారు. తండ్రిని పిలిపిస్తే, "మొండివాడు సార్, రెండు తగిలించండి" అని అనుమతి కూడా ఇచ్చి వెళ్ళాడు. నలుగురం నాలుగు తీర్పులు చెప్పాము. వాడి చెవిలోకి తొంగిచూసినవారు ఒక్కరూ లేరు.

బుద్ధి రావాలని వాడిని చివరి బల్లకు మార్చింది నేనే. ఆ నవంబరు వానలలో ఒక రోజు పుస్తకం చూపించడానికి దగ్గరకు వచ్చి నిలబడినప్పుడు దుర్వాసన వచ్చింది. ఎడమ చెవిలో దూది, దాని అంచున పసుపుపచ్చని తడి. ఎన్నాళ్ళ నుంచిరా అని అడిగితే, "చిన్నప్పటి నుంచీ సార్" అన్నాడు, అదొక విశేషమే కానట్లు. చెవి, ముక్కు, గొంతు వైద్యుడు చూసి చెప్పిన మాట: రెండు కర్ణభేరులకూ చిల్లులున్నాయి, ఎడమది పెద్దది. చెవికి చిల్లుపడిన పిల్లవాడిని శబ్దానికి ఇంకా దూరంగా కూర్చోబెట్టి, వినడం లేదని సంవత్సరమంతా తిట్టాను. నా బోధన మీద నాకున్న గర్వం ఆ రోజుతో సగం పోయింది.

ఈ తప్పు నా ఒక్కడిదే అయితే ఇంత వ్రాసేవాడిని కాను. మన భాషే చెవి మీద నేరం మోపడం నేర్పింది. మాట వినకపోతే పెడచెవిన పెట్టాడంటాము, పాఠం అర్థం కాకపోతే చెవికెక్కదంటాము, విసుగు పుట్టినప్పుడు చెవిటివాని ముందు శంఖం ఊదినట్లుందని ఉపాధ్యాయుల గదిలో నవ్వుకొంటాము. ఈ నుడికారాలన్నిటిలోనూ వినకపోవడం పిల్లవాడి ఇష్టం. వినబడకపోవడమనే సంగతికి చోటే లేదు. ఆపై శిక్ష కూడా చెవికే: మెలిపెట్టడం, గుంజడం, చెంప మీద కొట్టడం.

కర్ణభేరి ఎంత నాజూకైనదో ఒకసారి తలచుకోండి. దాని అడ్డుకొలత సుమారు 9 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంత. మందం మిల్లీమీటరులో పదవ వంతు. దాని వెనుక గాలి నిండిన చిన్న గది, అదే మధ్యచెవి. అందులో సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు బుల్లి ఎముకలు గొలుసులాగా ఉంటాయి. ఆ వెనుక లోచెవిలో ద్రవం. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా ద్రవం మీద పడితే అందులో వెయ్యింట ఒక వంతు మాత్రమే లోపలికి పోతుంది, తక్కినది వెనుదిరుగుతుంది. ఏటిలో మునిగినవాడికి గట్టు మీది కేకలు వినబడకపోవడం ఇందుకే. ఈ నష్టాన్ని పూడ్చడమే కర్ణభేరి పని. దానిలో కదలాడే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు, అంకవన్నె పాదం సుమారు 3 మాత్రమే. పెద్ద పొర మీద పడిన ఒత్తిడినంతా చిన్న పాదం మీదికి తెచ్చి, ఎముకల మీటబలం కూడా కలిపి, సుమారు 22 రెట్లు పెంచి లోపలికి పంపుతుంది. డప్పుకు చిల్లుపడితే ఏమవుతుందో వాయించేవాడిని అడగనక్కరలేదు.

చిల్లు చిన్నదైతే వినికిడి 10, 15 డెసిబెల్స్ తగ్గవచ్చు. పెద్దదైతే 30, 40. లోపలి ఎముకలు కూడా పుచ్చి తెగితే 50, 60 దాకా పోతుంది. మనం ఎదురెదురుగా మాట్లాడుకొనే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. అంటే 40 పోయిన బిడ్డకు మన పాఠం గుసగుసగా అందుతుంది. పైన కొట్టుకొనే పంకా, కిటికీ బయట లారీల హారన్లు, ఒకే హాలులో అడ్డం పెట్టిన నల్లబల్లకు అవతల మరొక తరగతి ఎక్కాలు, వీటి నడుమ ఆ గుసగుస. చీము, జలుబు పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ వినికిడి కూడా మారుతుంటుంది. "నిన్న విన్నాడు, ఈ రోజు వినడు" అని గణితం మాస్టారు చూపిన రుజువు నటనకు రుజువు కాదు, జబ్బుకు లక్షణం.

ఇక దెబ్బ సంగతి. ఇక్కడ మర్యాదకు పోయి మెత్తగా వ్రాయలేను. అరచేయి చెవి మీద పరచుకొని పడినప్పుడు అది చెవి రంధ్రాన్ని మూసివేస్తుంది. లోపల చిక్కుకున్న గాలి ఒక్కసారిగా నొక్కుకొని పొరను చీలుస్తుంది. ఇందుకు గొప్ప బలం అక్కరలేదు, చేయి పడే తీరు చాలు. కొట్టేవారిలో ఎక్కువ మంది కుడిచేతివాటం వారు గనుక ఎదురుగా నిలబడినవారికి ఎడమ చెవే ఎక్కువగా చిల్లుపడుతుంది. ఇది చెవి వైద్యులకు బాగా తెలిసిన సంగతి. చురుక్కుమనే నొప్పి, కొద్దిగా నెత్తురు, చెవిలో హోరు, దిబ్బడ, ఒక్కొక్కప్పుడు కళ్ళు తిరగడం దాని గుర్తులు. బిడ్డ ఏడుస్తాడు, కాసేపటికి ఊరుకొంటాడు. ఊరుకొన్నాడు గదా అని మనమూ ఊరుకొంటాము.

తమిళనాడులో బడిలో కొట్టడాన్ని 2003లోనే విద్యా నిబంధనలు సవరించి నిషేధించారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండననూ మానసిక వేధింపునూ దేశమంతటా నిషేధించింది. అయినా "మా కాలంలో చింతబరికె విరిగేదాకా కొట్టారు, మేము బాగుపడలేదా" అనే మాట నేటికీ వింటున్నాను, ముఖ్యంగా మన తెలుగు సభలలో, పెద్దల నోట. బాగుపడినవారే గదా సభకు వచ్చి మాట్లాడేది! చెవి పోయి, చదువు చాలించుకొని, ఆరవ తరగతితో బడి మానినవాడిని ఏ సభకూ ఎవరూ పిలవరు. అతడి సాక్ష్యం వినకుండా చింతబరికెకు ఇచ్చిన యోగ్యతాపత్రం చెల్లదు.

దెబ్బ వల్ల పడే చిల్లు కంటే జలుబు వల్ల పడేవి ఎన్నో రెట్లు ఎక్కువ. ముక్కు వెనుక నుంచి మధ్యచెవికి గాలి చేర్చే యూస్టేషియన్ నాళం పసివారిలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే ముక్కులోని జబ్బు తేలికగా చెవికి ఎక్కుతుంది. లోపల చీము పట్టి ఒత్తిడి పెరిగి, రాత్రంతా బిడ్డ గుక్కపట్టి ఏడ్చి, తెల్లవారుజామున పొర పగిలి చీము బయటపడగానే నొప్పి ఒక్కసారిగా తగ్గుతుంది. తల్లి "తగ్గింది" అనుకొంటుంది. అప్పుడు పడిన చిల్లు చాలామందిలో కొన్ని వారాలలో తనంతట తానే పూడుతుంది కూడా. పూడనివారి కథే మన తరగతి గదులలో కూర్చుని ఉంది. చీము రెండు వారాలు దాటి కారుతున్నదంటే అది మామూలు చెవిపోటు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో ఈ దీర్ఘకాలపు చీముచెవి జబ్బు మీద ప్రకటించిన నివేదికలో, అత్యధికంగా నూటికి నలుగురి కంటే ఎక్కువ మందిలో ఈ జబ్బున్న దేశాల వరుసలో మన దేశాన్ని చేర్చింది. నలభై మంది ఉన్న తరగతిలో ఒకరిద్దరైనా ఉంటారని లెక్క వేసుకోవచ్చు. ఇరుకు ఇళ్ళు, కట్టెల పొయ్యి, బీడీ సిగరెట్ల పొగ, పోషణ లేమి ఉన్నచోట ఇంకా ఎక్కువ.

మన తెలుగువారిలో ఆ ఇరుకు ఇళ్ళు ఎవరివో చెన్నైలో పనిచేసే ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి తరాల క్రిందట వచ్చి ఈ నగరపు వీధులూ కాలువలూ శుభ్రం చేస్తున్న కుటుంబాల పిల్లలే నేటికి తెలుగు వాచకం పట్టుకొనేవారిలో అనేకులు. ఉన్నవారి పిల్లలు ఎప్పుడో మెట్రిక్యులేషన్ బడులకు, అటు నుంచి హిందీకో ఫ్రెంచికో పోయారు.

ఇంట్లో చేసేదేమిటి? వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఉల్లిపాయ రసం, తులసి రసం, చనుబాలు. చిల్లులేని చెవిలో నూనె పోస్తే పెద్ద హాని లేకపోవచ్చు. చిల్లున్న చెవిలో పోస్తే అది నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది, వెంట క్రిములను తీసుకుపోతుంది. శనివారం తలంటు నీళ్ళూ అంతే, ఈతకొలను నీళ్ళూ అంతే. గుబిలి తీయాలని అగ్గిపుల్ల, పిన్నీసు, బడ్సు దోపి చిల్లు వేసుకొనేవారు వేరే ఉన్నారు. మందుల దుకాణంలో అడిగి తెచ్చే చుక్కలు కూడా నిరపాయం కావు. జెంటమైసిన్, నియోమైసిన్ వంటివి చిల్లు గుండా లోచెవికి చేరితే వినికిడికే హాని చేయగలవు. చిల్లున్న చెవికి ఏ చుక్కలు వేయాలో వైద్యుడే చెప్పాలి. సాధారణంగా సిప్రోఫ్లాక్ససిన్ తరగతి చుక్కలు వ్రాస్తారు. చుక్కలు వేసే ముందు చీమును శుభ్రమైన దూది వత్తితో మెల్లగా అద్ది తీయాలి. స్నానానికి వాసెలిన్ అద్దిన దూది చెవి ద్వారంలో పెట్టి, స్నానం కాగానే తీసివేయాలి. ఇంట్లో చేయవలసిన పని ఇంతే, చెవిని పొడిగా ఉంచడం.

దెబ్బ తగిలి చిల్లుపడినప్పుడూ చెవిని పొడిగానే ఉంచాలి. చుక్కలు వద్దు, నీళ్ళు వద్దు, ముక్కు గట్టిగా చీదవద్దు. వైద్యుడికి చూపించి వినికిడి పరీక్ష చేయించాలి, ఎందుకంటే దెబ్బ లోచెవికి కూడా తగిలి ఉండవచ్చు. ఇలాంటి చిల్లులలో ఎక్కువ భాగం రెండు మూడు నెలలలో వాటంతట అవే మూసుకొంటాయి. మూసుకోనివాటికి శస్త్రచికిత్స ఉంది.

చీముచెవిలో ఒక రకం మాత్రం ప్రాణాంతకం. కర్ణభేరి అంచునో పై భాగాననో చిల్లుపడి, చర్మం లోపలికి పెరిగి, చుట్టూ ఉన్న ఎముకను కొద్దికొద్దిగా తినివేస్తుంది. వైద్యులు దీనిని కొలెస్టియటోమా అంటారు. కారేది కొద్దిగానే ఉంటుంది, కంపు మాత్రం భరించలేము. ఇది ముదిరితే మూతి వంకరపోవచ్చు, మెదడుకు చీము పట్టవచ్చు. దీనికి చుక్కలు చాలవు, శస్త్రచికిత్స తప్పదు. చెవి కారే పిల్లవాడికి జ్వరంతో తలనొప్పి, వాంతులు, చెవి వెనుక వాపు, కళ్ళు తిరగడం, ముఖం ఒక పక్కకు లాగడం వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మరునాటికి వాయిదా వేయరాదు.

"చెవి ఆపరేషన్ చేయిస్తే ఉన్న వినికిడి కూడా పోతుందట" అని ఎందరో తల్లులు నాతో అన్నారు. వారిని తప్పుపట్టను, భయం ప్రేమ నుంచే వస్తుంది. కాని విషయం తెలుసుకోవాలి. కర్ణభేరిని అతికే శస్త్రచికిత్సకు టింపనోప్లాస్టీ అని పేరు. 1950ల మొదట్లో జర్మనీలో వుల్‌స్టీన్, జోల్నర్ అనే వైద్యులు దీనికి రూపు కట్టారు. కణతల దగ్గరి కండరం మీది పలుచని పొరను కొంచెం తీసి, సూక్ష్మదర్శిని క్రింద చిల్లు మీద పరుస్తారు. అది కొత్త కర్ణభేరికి ఆధారమవుతుంది. పదింట ఎనిమిది తొమ్మిది అతుకుకొంటాయి. పసివారిలో ఈ లెక్క కాస్త తగ్గవచ్చు. మాటిమాటికీ జలుబు చేసే చిన్నపిల్లలకు కొంత వయసు వచ్చేదాకా ఆగుదామని కూడా వైద్యులు చెప్పవచ్చు. వినికిడి పోయే ప్రమాదం బొత్తిగా లేదని ఏ వైద్యుడూ అనడు, కాని అది స్వల్పం. ఏళ్ళ తరబడి చీము కారనిచ్చినందువల్ల పోయేదే ఎక్కువ. డబ్బు లేదనే బెంగ కూడా ఈ ఊరిలో అక్కరలేదు. సెంట్రల్ స్టేషను దగ్గరి రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో, స్టాన్లీలో, కీల్పాక్కంలో చెవి, ముక్కు, గొంతు విభాగాలున్నాయి. పోవలసింది ఒక పూట పని, ఒక పూట కూలి. ఆ కూలి కొందరికి ఎంత బరువో నాకు తెలుసు. అందుకే తల్లికి వీలుకాని రోజున ఉపాధ్యాయుడే తోడు వెళ్ళాలంటున్నాను.

ఇది తెలుగు ఉపాధ్యాయుల చోటేనా, వైద్యశాల గోడపత్రికా అని అడిగేవారున్నారు. నా వాదన ఇదే: ఇది మొదట తెలుగు ఉపాధ్యాయుల విషయమే. విజయవాడలో పిల్లవాడికి తెలుగు కంటి ద్వారా కూడా అందుతుంది. దుకాణపు పలక, బస్సు మీది పేరు, గోడ మీది సినిమా ప్రకటన, అన్నీ వాడికి వాచకాలే. చెన్నైలో తెలుగు బిడ్డకు వీధిలో కనిపించేవి తమిళమూ ఇంగ్లీషూ. తెలుగు వాడికి అమ్మ నోటి నుంచి, అవ్వ నోటి నుంచి, వారానికి కొన్ని గంటలు మన నోటి నుంచి చెవిలోకే వస్తుంది. ఆ ఒక్క ద్వారానికి చిల్లుపడితే మొదట పోయేది తెలుగే. పైగా మన భాషలో వాక్యానికి ప్రాణమైన విభక్తులన్నీ పదం చివర మెత్తగా పలికే చిన్న అక్షరాలు. హోరులో మొదట మునిగిపోయేవి అవే. నా విద్యార్థి ఉక్తలేఖనంలో మాయమైనవి అవే గదా! తమిళ పిల్లవాడు వినకపోతే "వీడికి ఏమైంది" అని అడుగుతారు. మన పిల్లవాడు వినకపోతే "తెలుగువాడు గదా" అంటారు, సంగతి అక్కడితో ముగిసిపోతుంది. అల్పసంఖ్యాక భాషే వాడి జబ్బుకు ముసుగవుతున్నది.

2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చిన నాటి నుంచి మనం వినతిపత్రాలు ఇచ్చాము, సభలు పెట్టాము, అల్పసంఖ్యాక భాషల సంఘాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. అవన్నీ కావలసినవే, వాటిని చులకన చేయను. కాని పిల్లలకు తెలుగు వినిపించే హక్కు కోసం ఇంత పోరాడిన మనం, ఆ పిల్లలకు వినబడుతున్నదా లేదా అని ఒక్క తీర్మానమైనా చేశామా? మైలాపూరులో తెలుగు పిల్లలకు ఉన్నత పాఠశాల నెలకొల్పిన కె. ఎన్. కేసరి గారు వృత్తికి వైద్యులు. లోధ్ర మందు అమ్మి గడించిన సొమ్ము బడికి పెట్టిన మనిషి. వైద్యమూ చదువూ వేరు వేరు శాఖలని ఆయనకు తోచినట్లు లేదు.

"మేము వైద్యులము కాము" అనేవారికి ఒక మాట. పిల్లవాడి కన్ను మసక అని నల్లబల్ల దగ్గర కనిపెట్టేది మనమే గదా, అప్పుడు ఎవరూ వైద్యపట్టా అడగలేదు. చెవికీ అంతే. బిడ్డ వెనుక ఒక చేతి దూరాన నిలబడండి. పెదవులు చూడకూడదు గనుకనే వెనుక. ఒక చెవి ద్వారాన్ని వేలితో మెల్లగా రుద్దుతూ, రెండవ చెవి వైపు మూడు చిన్న మాటలు గుసగుసగా చెప్పి తిరిగి చెప్పమనండి: "ఏడు, పాలు, ఈగ" వంటివి. "కాలి, గాలి" వంటి జంటలు వాడకండి, గుసగుసలో క, గల తేడా మంచి చెవికి కూడా సరిగా తెలియదు. రెండు సార్లు తడబడితే వైద్యుడి దగ్గరకు పంపాలి. తరగతికంతటికీ రెండు పీరియడ్లు పడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్యబృందాలు ప్రభుత్వ, సహాయక పాఠశాలలకు వస్తాయి, వారు చూడవలసిన జబ్బులలో చెవి చీము కూడా ఉంది. వారు వచ్చే రోజున మన అనుమానాల జాబితా సిద్ధంగా ఉండాలి. ప్రైవేటు బడులకు ఆ బృందం రాదు. అక్కడ తల్లిదండ్రుల సంఘమే అడగాలి.

ఇక ఆ బాలుడు. ముందు మందులతో చెవులు ఆరాయి, కుడి చెవి చిల్లు చిన్నది గనుక ప్రస్తుతానికి ఆగుదామన్నారు. ఎడమ చెవికి వేసవి సెలవులలో శస్త్రచికిత్స జరిగింది, పొర అతుకుకొంది. జూన్‌లో వాడు ఏడవ తరగతికి వచ్చినప్పుడు మొదటి బల్లలో కుడిచివర కూర్చోబెట్టాను, బాగుపడిన చెవి నా వైపుండేలా. మొదటి వారం ఉక్తలేఖనంలో పద్దెనిమిది తప్పులు. విభక్తి తప్పులు వాటిలో మూడే. తక్కినవన్నీ శ, ష, సలూ ళ, లలూ, పక్కన కూర్చున్న పిల్లలు చేసే తప్పులే. తండ్రి వచ్చి, "ఇప్పుడు వినబడుతున్నది గదా సార్, ఇంకా మాట వినకపోతే కొట్టవచ్చునా?" అని అడిగాడు. ఆయనతో ఆ రోజు గంటసేపు మాట్లాడాను. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.